కాప్రేసే సలాడ్: వండని వంటకంలో నీటి లెక్క

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఇటలీకి చెందిన కాప్రేసే సలాడ్‌ను ఇద్దరికి సరిపడా స్వయంగా తయారు చేయగలుగుతారు. అందులో వాడే తాజా చీజ్‌కు, మన పనీర్‌కు మధ్య తేడాను వివరించగలుగుతారు. ఉప్పు ముందు ఎందుకు, నూనె చివర ఎందుకు అన్న ప్రశ్నకు కారణంతో సహా జవాబు రాయగలుగుతారు.

7.1 పరిచయం

ఇంతవరకు చదివిన భాగాలలో వేడి వల్ల ఆహారంలో కలిగే మార్పులను తెలుసుకున్నారు. ఈ భాగంలో పొయ్యి వెలిగించే అవసరమే లేని ఒక వంటకాన్ని పరిశీలిద్దాం. టమాటా, తాజా మొజరెల్లా చీజ్, బేసిల్ ఆకులు, ఆలివ్ నూనె, ఉప్పు. ఇంతే. కోయడం, పేర్చడం తప్ప పనేమీ కనిపించదు. అందువల్ల విద్యార్థులు దీనిని చాలా తేలికైనదిగా భావిస్తారు. ప్రయోగ తరగతులలో ఎక్కువమంది పాడుచేసే వంటకాలలో ఇది ఒకటి కావడానికి కారణం ఆ భావనే.

కూరలో టమాటా కాస్త చప్పగా ఉన్నా పోపు, కారం, చింతపండు కలిసి ఆ లోటును కప్పేస్తాయి. ఇక్కడ అలా కప్పిపుచ్చే వస్తువు ఒక్కటీ లేదు. ప్రతి ముక్క రుచి విడివిడిగా నాలుకకు తెలుస్తుంది.

'ఇన్సలాటా కాప్రేసే' అంటే 'కాప్రీకి చెందిన సలాడ్' అని అర్థం. కాప్రీ దక్షిణ ఇటలీలోని కంపానియా ప్రాంతంలో, నేపుల్స్ అఖాతంలో, సొరెంటో ద్వీపకల్పానికి ఎదురుగా ఉన్న చిన్న దీవి. దాని వైశాల్యం సుమారు 10 చదరపు కిలోమీటర్లు మాత్రమే. సలాడ్‌లోని ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు ఇటలీ జాతీయ పతాకంలోని రంగులే. దీనిని మొదట ఎవరు, ఎవరికి వడ్డించారు అన్నదానిపై రకరకాల కథలు ప్రచారంలో ఉన్నాయి. వినడానికి బాగుంటాయి గాని, పరీక్షలో వాటిని చరిత్రగా రాయకండి.

7.2 పళ్లెంలో ఎంత నీరు ఉంది?

తయారీ పద్ధతికి ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఇద్దరికి 300 గ్రాముల టమాటాలు, 250 గ్రాముల తాజా మొజరెల్లా తీసుకున్నామనుకోండి. టమాటాలో సుమారు 94 శాతం నీరు ఉంటుంది. అంటే 300 గ్రాములలో 282 గ్రాములు నీరే. గేదెపాల మొజరెల్లాలో తేమ 65 శాతం వరకు ఉండవచ్చు. 250 గ్రాములలో అది దాదాపు 162 గ్రాములు. రెండూ కలిపితే మొత్తం 550 గ్రాములలో 444 గ్రాముల నీరు. అంటే పళ్లెంలోని ఆహారంలో అయిదింట నాలుగు వంతులు నీరే.

ఈ నీరు కణాలలోను, చీజ్ పోగుల మధ్యలోను ఉన్నంతసేపు ముక్క రసవత్తరంగా ఉంటుంది. అదే నీరు బయటికి వచ్చి పళ్లెంలో మడుగు కడితే ముక్క పీలగా, రసం చప్పగా తయారవుతాయి. కాబట్టి ఈ సలాడ్ చేయడమంటే నీటిని అదుపులో పెట్టడమే. అయితే మొత్తం నీటిని తీసేయాలని దీని అర్థం కాదు. ఇక్కడ రెండు రకాల నీళ్లున్నాయి. చీజ్ నుంచి కారే నీరు రుచిని పలచన చేస్తుంది, దానిని వంచేయాలి. టమాటా నుంచి వచ్చే రసంలోనే అసలు రుచి ఉంది, దానిని వదులుకోకూడదు. ఈ భాగంలో మిగిలినదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

7.3 మొజరెల్లా: సాగే పాలగడ్డ

ఇటాలియన్ భాషలో 'మొజ్జారే' అంటే తెంచడం, కోసివేయడం. సాగుతున్న వేడి పాలముద్దను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి ఉండలుగా తెంచుతారు కాబట్టి మొజరెల్లా అన్న పేరు వచ్చింది. పోప్‌ల దగ్గర వంటవాడుగా పనిచేసిన బార్తొలొమేయో స్కాప్పి 1570లో ప్రచురించిన వంటల గ్రంథంలోనే ఈ పేరు కనిపిస్తుంది.

కంపానియాలో దీనిని గేదె పాలతో చేస్తారు. 'మొజరెల్లా ది బూఫలా కంపానా' అన్న పేరుకు ఐరోపా సమాజం 1996లో భౌగోళిక రక్షణ కల్పించింది. నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత పద్ధతిలో, గేదె పాలతో చేసినదానికే ఆ పేరు పెట్టాలి. ఆవు పాలతో చేసినదానిని 'ఫియోర్ ది లాత్తే' అంటారు, అంటే 'పాలపువ్వు'. ఈ సలాడ్‌కు రెండూ పనికివస్తాయి. గేదెపాల రకం మెత్తగా, కోస్తే పాలు కారేలా ఉంటుంది. ఆవుపాల రకం కొంచెం గట్టిగా ఉండి ముక్కలు చక్కగా నిలుస్తాయి. మొదటిసారి చేసేవారు ఆవుపాల రకంతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

గేదె పాల సంగతి మనకు కొత్త కాదు. పాడి ఉన్న ఇంట్లో పెరిగిన వారికి గేదె పాలు చిక్కగా, తెల్లగా ఉంటాయని, ఆవు పాలు లేత పసుపులో ఉంటాయని తెలుసు. ఆవు పాల పసుపుకు కారణం బీటా కెరోటిన్. గేదె శరీరం దానిని విటమిన్-ఏ గా మార్చేస్తుంది కనుక పాలలో ఆ రంగు మిగలదు. గేదెపాల మొజరెల్లా పింగాణీలా తెల్లగా ఉండడానికి కారణం ఇదే.

తయారీలో మొదటి దశలు మనం పెరుగు తోడు పెట్టడాన్ని కొంత పోలి ఉంటాయి. గోరువెచ్చని పాలలో ముందురోజు తయారీలో మిగిల్చిన పుల్లని తేటను తోడుగా వేస్తారు. ఆ తరువాత రెనెట్ అనే ఎంజైమును కలుపుతారు. రెనెట్ వల్ల పాలు గడ్డకడతాయి. ఆ గడ్డను కోసి, తేటలోనే కొన్ని గంటలు పులియనిస్తారు. ఈ పులియడమే కీలకం. పాలలోని కేసీన్ అనే ప్రోటీను అణువులను కాల్షియం ఫాస్ఫేట్ ఒకదానితో ఒకటి బిగించి ఉంచుతుంది. ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 5 దరిదాపులకు వచ్చేసరికి ఆ కాల్షియంలో కొంత భాగం కరిగిపోయి బిగి సడలుతుంది. అప్పుడు ముద్దను మరిగే నీటిలో వేసి కర్రతో పైకి లాగితే తీగలా సాగుతుంది. పులుపు చాలకపోతే సాగకుండా తెగుతుంది. పులుపు మించితే పొడిపొడిగా విరుగుతుంది. సాగిన పోగులు ఒకదానిపై ఒకటి మడతపడి, మధ్యలో తేటను పట్టి ఉంచుతాయి. మీరు ఉండను చేత్తో చీల్చినప్పుడు పొరలు పొరలుగా విడిపోయి తెల్లని ద్రవం కారడానికి కారణం ఈ నిర్మాణమే.

శాకాహారులు ఒక విషయం గమనించాలి. పైన చెప్పిన రక్షిత పేరుతో వచ్చే ఇటాలియన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. సూక్ష్మజీవుల నుంచి తయారైన రెనెట్‌తో చేసిన చీజ్‌లు కూడా ఉన్నాయి. కొనేముందు ప్యాకెట్‌పై ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోవాలి.

7.3.1 పనీర్ వేయవచ్చా?

ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. తెల్లగా ఉంది, మెత్తగా ఉంది, పాలతో చేసిందే కదా అని. పనీర్ కోసం పాలను ముందు బాగా మరిగించి, వేడి మీదే నిమ్మరసమో వెనిగరో వేసి విరగగొడతాం. ఆ వేడికి తేటలో ఉండవలసిన ప్రోటీన్లు కూడా కేసీన్‌కు అతుక్కుంటాయి. అలా ఏర్పడిన ముద్ద సాగదు, వేడి చేసినా కరగదు, పోగులుగా విడిపోదు. కూరలో ముక్క చెదరకుండా ఉండాలంటే ఇది గొప్ప గుణం. సలాడ్‌లో మాత్రం పనీర్ నమిలితే పొడిపొడిగా అనిపిస్తుంది, టమాటా రసంతో కలవదు. టమాటా, పనీర్ కలిపి మీరు రుచికరమైన సలాడ్ చేసుకోవచ్చు, అందులో తప్పు లేదు. దానిని కాప్రేసే అని పిలిస్తే మాత్రం తప్పు.

పనీర్ కంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. దుకాణాలలో 'మొజరెల్లా' అని ఇటుకలా గట్టిగానో తురుముగానో దొరికేది పిజ్జా కోసం తేమ తగ్గించి చేసినది. పేరు ఒకటే గాని, పచ్చిగా తింటే రబ్బరు నమిలినట్లుంటుంది. మీకు కావలసినది నీటిలో తేలే ఉండ. సాధారణంగా 125 గ్రాముల ఉండలు ద్రవంతో సహా సంచులలోనో డబ్బాలలోనో అమ్ముతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పాలు పులియడానికి, మొజరెల్లా సాగడానికి గల సంబంధాన్ని నాలుగు వాక్యాలలో రాయండి. పనీర్ ఎందుకు సాగదు?

7.4 టమాటా

టమాటా పుట్టిల్లు అమెరికా ఖండం. ఇటలీకి అది 16వ శతాబ్దంలో చేరింది. అక్కడి వారు దానికి పెట్టిన పేరు 'పొమొదోరో', అంటే 'బంగారు పండు'. దక్షిణ ఇటలీ అనగానే చాలామందికి సాన్ మర్జానో రకం గుర్తుకు వస్తుంది. అది సాస్‌కు పేరుపొందిన కోలకాయ. సలాడ్‌కు మాత్రం కంపానియాలో సొరెంటో టమాటా, 'ఎద్దు గుండె' అని అర్థం వచ్చే 'కువోరే ది బూవె' వంటి పెద్ద, కండగల రకాలను ఎంచుకుంటారు.

మన మార్కెట్‌లో దూరప్రయాణానికి తట్టుకునే గట్టి హైబ్రిడ్ రకాలే ఎక్కువ. నాటు టమాటాలో రసం, పులుపు ఎక్కువ, తొక్క పలచన. నన్ను అడిగితే, రంగు తేలిన గట్టికాయ కంటే బాగా పండిన నాటుకాయ మేలు. ముక్క అందంగా రాకపోవచ్చు, రుచి మాత్రం వస్తుంది. దోరకాయలే దొరికితే రెండు మూడు రోజులు బుట్టలో బయటే ఉంచి పండనివ్వండి.

ఫ్రిజ్‌లో పెట్టవద్దు. టమాటా వాసన అనేక బాష్పశీల పదార్థాల మిశ్రమం. చల్లదనంలో వాటిని తయారుచేసే ఎంజైముల పని మందగిస్తుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, టమాటాలను ఒక వారం 5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే రుచికి కారణమైన జన్యువుల పనితీరే మారుతుందని, తిరిగి బయట పెట్టినా పోయిన వాసన పూర్తిగా రాదని తేల్చారు. పులుపు, తీపి అలాగే ఉంటాయి, వాసన మాత్రం పోతుంది. తిన్నప్పుడు 'ఏదో తక్కువైంది' అనిపించేది ఇందుకే.

గింజల చుట్టూ ఉండే జిగురును తీసేసే అలవాటు కొందరికి ఉంది. నీరు తగ్గుతుందని వారి ఆలోచన. కాని బయటి కండలో కంటే ఆ జిగురులోనే గ్లుటమేట్ ఎక్కువ. నోటికి కమ్మగా తగిలే రుచికి కారణం అదే. కాబట్టి గింజలు తీయకండి.

7.5 బేసిల్, నూనె

బేసిల్ మన తులసికి దగ్గరి బంధువు. రెండూ ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు. ఎండాకాలంలో నానబెట్టి తాగే సబ్జా గింజలు బేసిల్ జాతి మొక్కవే. మన ప్రాంతంలో రుద్రజడ అని పిలిచేది ఇదే జాతి. అయినా బేసిల్ బదులు తులసి వేస్తే సరిపోదు. తులసిలో లవంగాన్ని తలపించే ఘాటు ఎక్కువ, అది చీజ్ మృదుత్వాన్ని మింగేస్తుంది. ఇంట్లో కుండీలో సబ్జా గింజలు చల్లి పెంచిన లేత ఆకులు తెచ్చి చూడండి. వాసన ఇటలీ రకంలా ఉండకపోయినా తులసి కంటే దగ్గరగా ఉంటుంది.

బేసిల్ ఆకును కత్తితో తరిగితే అంచులు నల్లబడతాయి. వంకాయ కోస్తే నల్లబడేది ఏ ఎంజైము వల్లనో ఇక్కడా అదే పని చేస్తుంది. చిన్న ఆకులను అలాగే వేయండి, పెద్దవైతే వడ్డించే ముందు చేత్తో ఒకటి రెండుగా తుంచండి. ఈ ఆకు ఫ్రిజ్ చలికి కూడా నల్లబడుతుంది. కొత్తిమీర కట్టలా గ్లాసు నీటిలో కాడలు ముంచి బయట ఉంచితే సరి.

ఆలివ్ నూనెలో 'ఎక్స్‌ట్రా వర్జిన్' రకమే వాడాలి. రసాయనాలతో శుద్ధి చేయకుండా పండు నుంచి యాంత్రికంగా తీసి, స్వేచ్ఛా ఆమ్లాలు 0.8 శాతానికి మించకుండా ఉన్న నూనెకే ఆ పేరు. మంచి నూనె మింగినప్పుడు గొంతులో మిరియంలా చురుక్కుమంటుంది. అది పాడైన లక్షణం కాదు, ఓలియోకాంథాల్ అనే పదార్థం చేసే పని. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ కొవ్వులో కరిగేది కాబట్టి, శరీరం దానిని గ్రహించడానికి కూడా ఈ నూనె అవసరమే.

బాల్సమిక్ వెనిగర్ సంగతి. హోటళ్లలో ఈ సలాడ్ మీద నల్లని చారలు గీసి తెస్తుంటారు. ఆ వెనిగర్ ఉత్తర ఇటలీలోని మోదెనా పట్టణానిది, కాప్రీ ఉన్నది దక్షిణాన. టమాటాలోనే పులుపు ఉండగా మరో పులుపు దేనికి? చీజ్ తెల్లదనం కూడా చెడుతుంది.

7.6 తయారీ పద్ధతి

ఇద్దరికి: బాగా పండిన టమాటాలు 300 గ్రాములు, 125 గ్రాముల మొజరెల్లా ఉండలు 2, బేసిల్ ఆకులు 10 లేదా 12, ఆలివ్ నూనె 2 టేబుల్‌స్పూన్లు, ఉప్పు అర టీస్పూనుకు మించకుండా. చీజ్‌లో ఉప్పు ముందే ఉంటుంది కనుక రుచి చూసి తగ్గించుకోండి.

చీజ్‌ను తినడానికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి తీయండి. ద్రవాన్ని వంచేసి, ఉండలను జల్లెడలోనో శుభ్రమైన పొడి గుడ్డమీదో ఉంచండి. ఈ అరగంటలో వంచేయవలసిన నీరు పోతుంది, చలి తగ్గి కొవ్వు మెత్తబడుతుంది. ఇటాలియన్ పుస్తకాలు 'గది ఉష్ణోగ్రత' అన్నప్పుడు సుమారు 20 డిగ్రీలు వారి మనసులో ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది ఉష్ణోగ్రత అంటే వేరే మాట. అలాంటప్పుడు పావుగంట చాలు, అంతకు మించి ఉంచకండి.

టమాటాలను పారే మంచినీటిలో రుద్ది కడిగి, తడి తుడవండి. ఇందులో సూక్ష్మజీవులను చంపే వేడి దశ ఏదీ లేదన్న సంగతి మరవకండి. చేతులు, కత్తి, పలక అన్నీ శుభ్రంగా ఉండాలి. పచ్చిమాంసం కోసిన పలకను వాడకూడదు. పాశ్చరైజ్ చేసిన పాలతో తయారైన చీజ్‌నే ఎంచుకోవాలి. గర్భిణులకు వడ్డించేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

రంపపు అంచు గల కత్తితో టమాటాలను చిటికెన వేలి సగం మందాన చక్రాలుగా కోయండి. పళ్లెంలో పరచి ఉప్పు చల్లి 10 నిమిషాలు వదిలేయండి. ఉప్పు వల్ల ద్రవాభిసరణ జరిగి, కోసిన ముఖంపై రసం ఊరుతుంది. ఆవకాయ ముక్కలలో ఊట ఊరడం చూసి ఉంటారు, ఇది అదే. పది నిమిషాలకు రసం కొద్దిగా ఊరి ఉప్పును కరిగించుకుంటుంది. గంటసేపు వదిలితే ముక్కలు వాడిపోయి పళ్లెం నిండుతుంది.

ఇప్పుడు చీజ్‌ను అదే మందాన కోసి టమాటా ముక్కల మధ్య ఒకటి విడిచి ఒకటి పేర్చండి. గేదెపాల రకమైతే చేత్తో చీల్చడమే నయం, కత్తి దాని పోగులను నలిపి పాలను పిండేస్తుంది. ఆకులు వేసి, చివరగా నూనె పోయండి. నూనె ముందు పోస్తే ముక్కకు పొరలా పట్టుకుంటుంది. ఉప్పు నూనెలో కరగదు, పలుకులు పలుకులుగా పైనే ఉండిపోయి ఒక ముద్ద ఉప్పగా, ఒక ముద్ద చప్పగా తగులుతుంది.

వెంటనే వడ్డించాలి. ఒక ప్రయోగ పరీక్షకు నేను పర్యవేక్షకుడిగా ఉన్నప్పుడు, పరీక్షాధికారి ఆలస్యంగా వస్తారని తెలియక, విద్యార్థులందరి చేత గంటన్నర ముందే పళ్లేలు సిద్ధం చేయించాను. ఆయన వచ్చేసరికి ప్రతి పళ్లెంలో గులాబీరంగు నీళ్లు, నల్లబడిన ఆకులు. ఇరవైమంది చేసినది ఒకేలా చెడిపోయిందంటే తప్పు వారిది కాదు, సమయం నిర్ణయించిన నాదే. అప్పటి నుంచి అన్నీ విడివిడిగా సిద్ధం చేయించి, పేర్చడం మాత్రం పిలుపు వచ్చాకే చేయిస్తున్నాను.

తిన్న తరువాత పళ్లెం అడుగున టమాటా రసం, నూనె కలిసిన ద్రవం కొంచెం మిగులుతుంది. ఇటలీలో దానిని రొట్టెముక్కతో తుడుచుకు తింటారు, ఆ అలవాటుకు 'స్కార్పెత్తా' అని ముద్దుపేరు కూడా ఉంది. మొత్తం సలాడ్‌లో గ్లుటమేట్, ఉప్పు, నూనె బాగా కలిసేది అక్కడే కనుక, దానిని పారబోస్తే మంచి భాగం పోయినట్లే.

7.7 పోషక విలువ

సలాడ్ అంటే తేలికపాటి ఆహారమన్న నమ్మకాన్ని అంకెలతో సరిచూద్దాం. రక్షిత పేరు గల గేదెపాల మొజరెల్లా నిబంధనల ప్రకారం తేమ 65 శాతం మించకూడదు, పొడి పదార్థంలో కొవ్వు కనీసం 52 శాతం ఉండాలి. అంటే 100 గ్రాములలో 35 గ్రాముల పొడి పదార్థం, అందులో సుమారు 18 గ్రాముల కొవ్వు. 250 గ్రాములకు 45 గ్రాములు. రెండు టేబుల్‌స్పూన్ల నూనె మరో 27 గ్రాములు. మొత్తం 72 గ్రాముల కొవ్వును ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి 36 గ్రాములు, అంటే కొవ్వు నుంచే దాదాపు 325 కిలో క్యాలరీలు. భోజనానికి ముందు ఇది తిని, ఆపై అన్నం కూడా మామూలుగా తినేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఇటలీలో వేసవిలో చాలామంది దీనినే రొట్టెతో ఒక పూట భోజనంగా తినేస్తారు.

7.8 అభ్యాసం

ఒకే టమాటాను 3 భాగాలుగా కోసి మూడు గిన్నెలలో ఉంచండి. మొదటిదానికి ఉప్పు మాత్రమే, రెండవదానికి ముందు నూనె ఆపై ఉప్పు వేయండి. మూడవదానికి ఏమీ వేయవద్దు. 10 నిమిషాలకు, 30 నిమిషాలకు, 60 నిమిషాలకు ఒక్కో గిన్నెలో ఊరిన రసాన్ని టీస్పూనుతో కొలిచి తిరిగి అదే గిన్నెలో పోయండి. కొలతలను పట్టికలో రాసి, ప్రతిసారి ఒక ముక్క రుచి చూసి పక్కన ఒక వాక్యం చేర్చండి. ఈ పట్టికను అధ్యయన కేంద్రంలో జరిగే ప్రయోగ తరగతికి మీ రికార్డు పుస్తకంతో పాటు తీసుకురండి.